మా వదినతో ఎవరూ వాదించలేదు

వదిన పోయి పదమూడు రోజులైంది. ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. బద్ధకం ఒక కారణం. రెండోది, రాస్తే పోయేది నా పరువే. పొద్దున కాగితాలు తీసి, ఒక గీత గీసి, మడిచి మళ్లీ దిండు కింద పెట్టాను. అన్నం తిన్నాక మళ్లీ తీశాను. అరవై ఎనిమిదేళ్లు వచ్చాక పరువు మిగుల్చుకొని ఏం చేస్తాను? ఉప్పు వేసి ఊరబెట్టుకుంటానా?

ముందు నా సంగతి చెబితే గాని ఆమె సంగతి అర్థం కాదు. ఎనుమాముల మిర్చి యార్డులో, రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేశాను. బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువంతా పొట్లాలు విప్పిన పాత పేపర్లలో చదువుకున్నదే. అందుకే నాకు ఏ సంగతీ మొదటి నుంచి చివరిదాకా తెలియదు. పేపరు చిరిగిన చోట నా జ్ఞానం కూడా ఆగిపోతుంది. ఒక హత్య కేసు గురించి సగం చదివి, హంతకుడెవరో తెలియకుండా నలభై ఏళ్లుగా బతుకుతున్నాను.

అటువంటి నన్ను యార్డులో స్కోరన్న అనేవారు. క్రికెట్టు, హాకీ, కబడ్డీ, కుస్తీ, ఏ ఆట గురించి ఏ అనుమానమొచ్చినా జనం నా దగ్గరికే వచ్చేవారు. హమాలీలు బస్తా దించి నడుం పట్టుకొని అడిగేవారు. ఖరీదుదారులు మిర్చి విరిచి వాసన చూస్తూ అడిగేవారు. గేటు పక్క చాయ్ హోటల్లో ఫ్యాను కింద కుర్చీ నాది. ఎవరన్నా తెలియక కూర్చుంటే హోటలాయన లోపలి నుంచే కేకేసేవాడు.

"లెవ్వు లెవ్వు, స్కోరన్న వస్తాండు."

ఆ స్కోరన్నకు ఆటల గురించి సొంతంగా తెలిసింది ఏమీ లేదు. తెలిసింది మా వదినకు.

వదిన రఘునాథపల్లి నుంచి మా ఇంటికి వచ్చేనాటికి నాకు పదహారేళ్లు. అన్న లారీ డ్రైవరు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. ఇంట్లో ఉన్న పది రోజులు నిద్రపోయేవాడు. బొంబాయి ట్రిప్పులో ఆయన తెచ్చిన రేడియో ఒకటి గూట్లో ఉండేది. వదిన పొద్దంతా మిరపకాయల తొడిమలు తీసేది. వ్యాపారులు బస్తాలు ఇళ్లకు పంపితే ఆడవాళ్లు కూర్చుని కాయకాయకూ తొడిమ తుంచి తిరిగి పంపే పని అది. ముక్కుకు కొంగు కట్టుకొని, చేతులకు నూనె రాసుకొని, ఎదురుగా రేడియో పెట్టుకొని కూర్చునేది. అందులో వచ్చేది పాటలు కాదు, కామెంటరీ. ఎందుకని ఒకసారి అడిగాను.

"పాట మూడు నిమిషాలల్ల ఒడుస్తది మర్దీ, బస్తా ఒడువదు. టెస్టు మ్యాచయితె బస్తాకు సరిపోతది."

అట్లా మొదలైంది. ఇంగ్లీషు ఆమెకు ఒక్క ముక్క రాదు. కానీ చాటలో పదకొండు కాయలు పేర్చి, ఎవరెక్కడ నిలబడ్డారో బంతి బంతికీ జరిపేది. బౌలరుకు పొడుగు కాయ. కీపరుకు మాత్రం రంగు పోయిన తాలుకాయ.

"వానికి తాలుకాయెందుకు వదినా?"

"అందరి ఎనుక వంగి కూసుంటడు. వాని మొఖం ఎవలు సూస్తరు?"

కామెంటరీ చెప్పేవాడి గొంతును బట్టి వికెట్టు పడబోతోందని రెండు బంతుల ముందే చెప్పేది. ఇంగ్లీషు సగం గొంతులోనే ఉంటుందని ఆమె అభిప్రాయం. ఆ మాట నమ్మి నేను కూడా ఒకసారి బ్యాంకులో ఇంగ్లీషు కాగితం మీద, మేనేజరు గొంతును బట్టి, సంతకం పెట్టాను. దాని ఫలితం ఇక్కడ రాయను.

ఎన్నెన్ని మ్యాచులు ఆమె తలలో ఉండేవో! గెలిచిన జట్టు గురించి అడిగితే ఒక్క మాటలో తేల్చేసేది. ఓడిన జట్టు గురించి అడిగితే చేతిలో కాయ ఆగిపోయేది. ఎవడు ఏ ఓవర్లో తొందరపడ్డాడు, ఎవడు చేతిలోకి వచ్చిన క్యాచు వదిలి తర్వాత పొద్దంతా నోరు మెదపలేదు, అవన్నీ కంటితో చూసినట్టే చెప్పేది.

"గెలిసినోని పేరు పేపరోడు రాస్తడు. ఓడినోడు ఎట్ల ఓడిండో మనం యాదుంచుకోవాలె" అనేది.

తర్వాత ఇంటికి టీవీ వచ్చింది. నేనే తెచ్చాను, గొప్పగా. ఆమె రెండు రోజులు చూసి మళ్లీ రేడియో దగ్గరికి పోయింది. "బంతి ఎటుపోతాందో వాళ్లే సూపెడ్తాండ్లు. ఇగ మనకేం పని?" అంది.

సాయంత్రం నా కంచం ముందు కూర్చుని ఆమె చెప్పినవన్నీ మర్నాడు నేను హోటల్లో నా మాటలుగా చెప్పేవాణ్ని. తెలియనిది ఎవరన్నా అడిగితే, "ఇంట్ల బుక్కున్నది, సూసొచ్చి చెప్త" అనేవాణ్ని. మొదట్లో అది ఉత్త నోటుబుక్కు. ఏళ్లు గడిచేకొద్దీ దానికి అట్ట వచ్చింది. ఎవరో రంగు అడిగితే ఎరుపన్నాను. ఇంకో ఐదారేళ్లకు దానికి రెండో భాగం కూడా వచ్చింది. అబద్ధాన్ని పెంచడం పిల్లిని పెంచినట్టే, మనం పెట్టకపోయినా బయట ఎక్కడో తిని బలిసి వస్తుంది.

సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. హోటల్లో వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వాదన నడుస్తుండగా సెల్లు తీసినవాడు ఓడినట్టు లెక్క.

ఈ కట్టుబాటు పెట్టినవాడు సారయ్య. యార్డులో లైసెన్సు మీద సరుకు తూచే మనిషిని దడువాయి అంటాం, సారయ్య దడువాయి. కాంటా కదలకుండా నిలిచేదాకా ఊపిరి కూడా గట్టిగా తీయడు. మాటను కూడా అట్లాగే తూచేవాడు. "నీకెవలు చెప్పిండ్లు? ఏడ సదివినవ్?" అని నిలదీసేవాడు. "బుక్కుల ఉన్నది" అంటే మాత్రం తల వంచి ఊరుకునేవాడు. అచ్చు మీద ఆయనకు అంత గౌరవం.

ఒక ఆదివారం ఆ సారయ్య చెప్పా పెట్టకుండా మా ఇంటికి వచ్చాడు. ఏదో కబడ్డీ పోటీ మీద ఇద్దరు హమాలీలు మాటలు మానేసేదాకా వచ్చిందట.

"గుమాస్తా, ఆ బుక్కు జర సూపియ్యి. నా కండ్లతోని సూసి పోయి చెప్త."

ఒకసారి బీరువా వైపు, ఒకసారి దర్వాజా వైపు చూశాను. మూల నుంచి, తొడిమలు తీస్తూనే, వదిన అంది.

"బుక్కు బీరువల ఉన్నది సారన్నా. తాళంచెవి మా ఆయన లారీల పట్టుకపోయిండు. ఏం గావాల్నో అడుగు, నేను సుత సదివిన."

సారయ్య అడిగాడు. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. మర్నాడు హోటల్లో సారయ్య అందరికీ వినిపించాడు. "స్కోరన్న ఇంట్ల ఆడోళ్లు సుత ఆ బుక్కు సదివిండ్లు!" ఇంట్లో ఆడవాళ్లకు ఇంత జ్ఞానం నేర్పినందుకు అందరూ నన్నే మెచ్చుకున్నారు. నేను ఫ్యాను కింద కూర్చుని చాయ్ తాగాను.

"ఎందుకట్ల చెప్పినవ్ వదినా?" అని ఇంటికొచ్చాక అడిగాను.

"నీ మొఖం సూస్తె పాపమనిపిచ్చింది" అంది, అంతే.

ఆ తర్వాత చాలా ఏళ్లకు అన్న పోయాడు. వదిన తొడిమలు తీయడం మాత్రం మానలేదు. పోయిన చలికాలం ఆమెకు ఊపిరి ఆడక దవాఖానలో పెట్టాం. వారం తర్వాత ఇంటికి పంపుతూ, ఎక్కువ మాట్లాడించొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె కొడుకు మడికొండలో కంప్యూటరు ఆఫీసులో చేస్తాడు. వాడు 'మాట్లాడించవద్దు' అని పెద్దక్షరాలతో అచ్చు తీయించి మంచం పైన గోడకు అంటించాడు. వచ్చినవాళ్లు అది చదివి, అరటిపళ్లు పెట్టి, దొంగల్లా వెళ్లిపోయేవారు.

ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని మ్యాచు వింటున్నాను. ఊరికే ఉండలేక, "ఈ బౌలర్ను తీసెయ్యాలె" అన్నాను.

"వద్దు" అంది.

"ఔ, వద్దులే" అన్నాను.

వదిన చెయ్యి చాపి రేడియో ఆపేసింది.

"నీతోని ఇదే లొల్లి మర్దీ. నేనేదంటె నువ్వదే అంటవ్."

"నువ్వన్నది తప్పు గాదు గద వదినా."

"తప్పో కాదో నాకెట్ల తెల్వాలె?" ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ అంది. "ఇన్నేండ్లాయె. ఒక్కడన్న, గట్ల గాదు అన్నోడు లేడు. మీ హోటల్ల ఎట్ల కొట్లాడుకుంటరో నువ్వు రోజు వచ్చి చెప్తివి. నేను ఈడ కూసోని కాయలతోని ఆడుకుంటి. నాగ్గూడ ఒక్కసారి కొట్లాడాల్ననిపియ్యదా?"

ఆమెకు రావాల్సిన పేరు నేను వాడుకుంటున్నానని నాకు మనసులో పీకుతూనే ఉండేది. ఎప్పటికైనా నలుగురిలో ఆ పేరు ఆమెకు ఇచ్చేస్తే చెల్లిపోతుందనుకునేవాణ్ని. ఆ పేరు ఆమెకు అక్కరే లేదని ఆ రోజు తెలిసింది. యార్డంతా పొద్దస్తమానం ఆడుకునే ఆట ఒకటుంది, వాదన. దానిలో ఆమెకు ఎదురు నిలబడేవాడు లేడు. ఉన్నది నేనొక్కణ్ని, ఔనౌననే మనిషిని.

మర్నాడు హోటల్లో అందరి ముందూ చెప్పేశాను. బుక్కు లేదు, ఎన్నడూ లేదు, చెప్పిందంతా మా వదిన అని. హోటలాయన చాయ్ వడబోస్తూ ఆగిపోయాడు. సారయ్య ఒక్కటే అడిగాడు.

"ఎర్రట్ట?"

"లేదు."

"రెండో భాగం?"

"అది సుత లేదు."

అందరూ పగలబడి నవ్వారు. సారయ్య నవ్వలేదు. సాసర్లో పోసుకున్న చాయ్ తాగకుండా అట్లాగే పక్కకు జరిపాడు.

"ముప్పై ఏండ్ల సంది బుక్కని ఊకున్న గుమాస్తా. మనిషని తెలిస్తె ఊకుందునా? కొన్నైతే నాకు ఎన్నడూ మనసుకెక్కలే. పా, లే, మీ ఇంటికి పోదాం."

తూకాలు అయిపోయిన వేళ అది. ఆయన బండి మీదే వచ్చాం. సారయ్య గోడ మీది కాగితం చదివి, కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాడు.

"వదినా, ఆ పాత హాకీ మ్యాచి. ఆఖరి గోలు కార్నర్ లేకుంట వట్టిగనే పడ్డదని ఈయనతోని చెప్పిచ్చినవ్. నేను ఆనాడు రేడియో ఇన్న. అది పెనాల్టీ కార్నర్."

వదిన కళ్లు తెరిచింది. నేను ఎన్నడూ చూడని చూపు.

"ఎవలు చెప్పిండ్లు నీకు?"

"నా చెవులు చెప్పినయ్."

"నీ చెవులల్ల మిరపదుమ్ము వడ్డది. కార్నర్ అంతకుముందు గోలు. నడుమ ఒక్కడు కిందవడి లేసిండు, యాదున్నదా?"

"కిందవడ్డది మొదటి సగంల!"

కొడుకు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, డాక్టర్ మాట్లాడొద్దన్నడు."

"మాట్లాడొద్దన్నడు బిడ్డా, ఒర్రొద్దనలే గద" అని అరిచి, మళ్లీ సారయ్య వైపు తిరిగింది.

ఆ రోజు నుంచి పన్నెండు రోజులు, తూకాలు కాగానే సారయ్య వచ్చేవాడు. ఇద్దరూ సెల్లు తీయొద్దని ఒప్పుకున్నారు. ఎన్ని మ్యాచులు తవ్వుకున్నా చివరికి ఆ గోలు దగ్గరికే వచ్చేవారు. ఒకరోజు సారయ్య కోపమొచ్చి చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు. ఆ పూట వదిన రెండు ముద్దలు ఎక్కువ తింది. కొడుకు గోడ మీది కాగితం తీయలేదు గాని, సారయ్యకు ఎదురు చెప్పడం మానేశాడు. డాక్టరు మాట విని ఉంటే ఆమె ఇంకో నెల ఉండేదేమో. నాకు తెలియదు. ఉండేది కాదని నేను మిమ్మల్ని నమ్మించబోను.

పదమూడో రోజు తెల్లవారుతుండగా ఆమె పోయింది.

పొద్దెక్కాక ఫోన్ చేస్తే సారయ్య యార్డు నుంచి ఉన్నపళాన వచ్చాడు, తలనిండా ఎర్రటి దుమ్ముతో. చెప్పులు విడిచి, వదిన కాళ్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. నాకు దుఃఖం ఆగలేదు. ఏదో ఒకటి ఆమెకు చెల్లించాలనిపించింది. ఆయన భుజం పట్టుకున్నాను.

"సారయ్యా, ఆ గోలు సంగతి ఇగ ఒప్పుకోరాదే. పోయిన మనిషాయె."

సారయ్య నా చెయ్యి తీసేశాడు.

"ఎందుకొప్పుకుంట?" అన్నాడు. ఆ గొంతుకు వాకిట్లో కూర్చున్న పెద్దలందరూ తిరిగి చూశారు. "అది పెనాల్టీ కార్నరే. ఆమెదే తప్పు. నిన్న గదే చెప్పిన, ఇయ్యాల గదే చెప్తాన."

తర్వాత ఆయన పాడెకు ముందు ఎడమవైపు భుజం ఇచ్చాడు. మూలమలుపు దగ్గర ఇంకొకరు మారతామన్నా మారలేదు. అంతా అయ్యాక బోరింగు దగ్గర నా పక్కనే స్నానం చేశాడు. తువ్వాల పిండుకొని తలకు చుట్టుకున్నాడు. ఆ రోజు మిర్చి చాలా వచ్చింది, తూచాల్సిన కుప్పలు ఇంకా ఉన్నాయని చెప్పి, బండెక్కి యార్డుకు పోయాడు.