బిడ్డకు కడుపునొప్పి

ఈ ఏడు వానాకాలం మొదట్లో, తాండూరు పక్కనున్న యాలాల్ మండలంలోని ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందు వైద్య సిబ్బంది జీపు ఆగింది. నర్సమ్మ అట్టపెట్టె విప్పి, పసిపిల్లలకు పోసే చుక్కల మందు సీసాలు బల్ల మీద పేర్చింది.

“చంటిపిల్లల తల్లులు ముందుకు రండమ్మా. అందరికీ కడుపునొప్పులట కదా!”

ఎవరూ కదల్లేదు. గోడవారగా కూర్చున్న ఓ ముసలమ్మ అందుకుంది. “నా బిడ్డ మొన్ననే అమ్మమ్మ అయింది. దానికి గూడ పోస్తవా నర్సమ్మా, గా సుక్కలు?”

అందరూ నవ్వారు. బాలమణి నవ్వలేదు. అది ఆమె అసలు పేరు కాదు. సీసా అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు తిరిగింది.

“మా బిడ్డ పదో తరగతి సారూ. గీ సుక్కలు ఆమెకేం జేస్తయ్?”

ఆ జీపు వచ్చింది నేను రాసిన వార్త చూసే.

నేను తాండూరులో విలేకరిని. పుట్టి పెరిగిందీ ఇక్కడే. ఆ ఊరికి అప్పుడే ఫైబర్ లైన్ వచ్చింది. అంతకుముందు సిగ్నల్ కావాలంటే కంది చేలు దాటి రోడ్డెక్కాలి. పంచాయతీ ఆఫీసు దగ్గర ఉచిత వైఫై పెట్టాక సాయంత్రాలు అక్కడే జనం. చదువు రానివాళ్లకు వాయిస్ సెర్చ్ ఉంది. నోటితో అడిగితే ఫోనే వెతికిపెడుతుంది. పట్నాల వాళ్లు నెట్‌లో ఏం వెతుకుతున్నారో ట్రెండ్స్ పేరిట రోజూ వేస్తాం కదా, ఈ ఊరు ఏం వెతుకుతుందో రాద్దామనుకున్నాను. మగవాళ్లు కంది ధర, క్రికెట్ స్కోరు, కన్నడ పాటలు అన్నారు. ఆడవాళ్లలో చాలామంది గొంతు తగ్గించి ఒకటే చెప్పారు: “బిడ్డకు కడుపునొప్పి.”

అదే మాట రాసి పంపాను. వార్తను దిద్ది శీర్షిక పెట్టే వాళ్లను మేం డెస్క్ అంటాం. అక్కడి సబ్‌ఎడిటర్‌కు మా యాస కొత్త. ‘బిడ్డ’ను ‘పసిబిడ్డ’ చేసి, ఊరి పేరుతో సహా శీర్షిక పెట్టాడు. మాకు బిడ్డంటే కూతురు, ఎంత వయసున్నా సరే. పొద్దున పేపరు చూడగానే తప్పు తెలిసింది. కానీ వార్త జిల్లా పేజీలో ఫొటోతో పైన వచ్చింది. డెస్క్‌కు ఫోన్ చేయలేదు. లింకు మాత్రం తెలిసినవాళ్లందరికీ పంపుకున్నాను.

జీపు వచ్చిపోయిన వారానికి మళ్లీ ఆ ఊరెళ్తే, బాలమణి అసలు సంగతి చెప్పింది. నెలనెలా ఆ రోజుల్లో కూతురు నొప్పితో మెలికలు తిరిగిపోతుంది, బడి మానేస్తుంది. ఊరికొచ్చే డాక్టరు మగమనిషి. ఆయన్ను అడగలేక ఫోన్‌ను అడిగింది.

“ఫోనేం చెప్పింది?”

“వాము నీళ్లు పట్టమన్నది. తేన్పు వచ్చేదాక భుజం మీదేసుకొమ్మన్నది. మీరు గూడ గట్లనే పసిపిల్ల అని రాసిన్రు. ఫోన్‌కైతే మన మాట తెల్వదు సారూ. మీరు తాండూరోళ్లే గద?”

“లేడీ డాక్టర్‌ను పంపమని రాస్తానమ్మా,” అన్నాను.

“జర రాయున్రి. గని ఊరి పేరు మాత్రం వద్దు. మా పోరిలను బడిల ‘సుక్కల మందు పోరిలు’ అని ఎక్కిరిస్తున్రు.”

అందుకే ఇక్కడా ఊరి పేరు లేదు. ఆ రోజు డెస్క్‌కు ఫోన్ చేశాక, సవరణ లోపలి పేజీలో, ఓ మూల వచ్చింది. జనం మాటను జనం అన్నట్టే రాయాలని కొత్త విలేకరులకు చెబుతూ వచ్చినవాణ్ని. పుట్టుకతో వచ్చిన మాటనే నిలబెట్టలేకపోయాక, ఇప్పుడు వాళ్లకు ఆ ముక్క చెప్పడానికి నోరు రావడం లేదు.

ఆసుపత్రిలో అడిగితే పంపుతామంటున్నారు. లేడీ డాక్టరు ఇంకా ఆ ఊరికి రాలేదు. బాలమణి కూతురు ఈ నెల కూడా బడి మానేసింది. వెబ్‌సైట్‌లో వార్త మార్చమని నేను అడుగుతూనే ఉన్నాను. పంచాయతీ ఆఫీసు దగ్గర నిలబడి ఎవరైనా ఫోన్‌తో “బిడ్డకు కడుపునొప్పి” అంటే, ఇవాళ్టికీ ముందు వచ్చేది నా వార్తే, ఆ పాత శీర్షికతోనే.