కొండతోటలో డ్రమ్ము నీళ్ళు

మొన్న వేసవిలో మేం పద్నాలుగు మంది కలిసి, ఒక మనిషి రెండు రోజుల కోసం మోసి పెట్టుకున్న నీళ్ళని అరగంటలో తాగి, కడుక్కుని, నెత్తిన పోసుకుని వచ్చాం. మా ఫోన్ల గ్రూపులో దాని పేరు 'ప్రకృతి నడక'. ఆ ఫొటోల కింద ఇప్పటికీ చప్పట్ల బొమ్మలు పడుతూనే ఉన్నాయి.

మాది నూజివీడులో పొద్దున్నే నడిచే బృందం. గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు, ఆ తర్వాత ఇడ్లీ బండి దగ్గర అంతకు రెట్టింపు సేపు. సగం మంది కొట్ల వాళ్ళు, ఇద్దరు రిటైరైన మేష్టార్లు, ఒక బ్యాంకాయన. నాది బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. తర్వాత చదివిందంతా ఊరి లైబ్రరీలో బీరువా తర్వాత బీరువా చదివిందే. ఈ సంగతి బృందంలో అందరికీ తెలుసు, నేనే చెప్పాను కాబట్టి. అందుకే వాళ్ళు నన్ను 'లైబ్రరీగారు' అంటారు. గౌరవంతో కాదు.

మా నాయకుడు పురుగుమందుల కొట్టాయన. ఏప్రిల్‌లో ఒకరోజు ఆయన ఫోనులో ఏదో వీడియో చూశాడు. ఎక్కడో చలిదేశంలో లోయ చుట్టూ గుండ్రంగా తిరిగొచ్చే నడకదారి ఉందట. వేసవి రాగానే అక్కడివాళ్ళు ఆవుల్ని తోలుకుని కొండ మీది ఇళ్ళకి వెళ్ళి, చలి మొదలయ్యేదాకా అక్కడే ఉండేవారట. ఇప్పుడా ఇళ్ళు చాలావరకు ఖాళీ. వాటి పక్కనుంచి జనం సరదాగా నడుస్తున్నారట.

"మనకీ ఉన్నాయి కదండీ," అన్నాడు. "రెడ్డిగూడెం అవతల కొండల్లో పాత తోటలు, వేసవి గుడిసెలు. లోయ చుట్టూ ఒక సర్కిల్ కొడదాం."

అదే సంగతి రెండేళ్ళ క్రితం నేను పుస్తకంలో చదివి చెబితే, "ఆవులు కొండెక్కి ఏం చేస్తాయండీ లైబ్రరీగారూ, దణ్ణం పెట్టుకుంటాయా?" అని నవ్వింది ఈయనే. ఫోనులో కనిపించేసరికి నిజమైపోయింది.

మే నెల మొదటి ఆదివారం తెల్లవారుతుండగా మూడు ఆటోల్లో బయల్దేరాం. అందరి నెత్తినా ఒకే రంగు టోపీ, దాని మీద పురుగుమందు ప్రకటన. కొత్త బూట్లు, చేతికర్రలు. నాయకుడు "బరువు వద్దు" అని ముందే ఆజ్ఞ వేశాడు కాబట్టి మనిషికి ఒక చిన్న నీళ్ళసీసా. ఆయన మాత్రం పాటలు పెట్టే స్పీకరు మోసుకొచ్చాడు.

మూడు కొండలు గుర్రపు నాడాలా వంగి ఉంటాయక్కడ. కింద చదునులో కొత్త బంగినపల్లి తోటలు, వాటికి డ్రిప్పు పైపులు. పైకి పోయేకొద్దీ వాలు మీద తాతల కాలం నాటి చిన్నరసాల చెట్లు. మట్టి జారకుండా ఎవరో ఓపిగ్గా పేర్చిన రాతిగట్లు. పూత నుంచి కోత దాకా కాపలా వాళ్ళు ఊరొదిలి ఈ తోటల్లోనే కాపురం ఉంటారు. కాయ దిగాక మళ్ళీ కిందికి. దీన్ని చూడ్డానికి ఎవరూ టిక్కెట్టు కొనరు కాబట్టి మా వాళ్ళకి ఇన్నాళ్ళూ కనబడలేదు.

లోయ అడుగున ఒక బోరు దాటాం. కరెంటు అప్పుడే పోయినట్టుంది, పైపు చివర ఇంకా చుక్కలు రాలుతున్నాయి. పక్కన పశువుల తొట్టి అంచుదాకా నిండి ఉంది. అక్కడ ఎవరూ ఆగలేదు. మా నడక మొత్తం ఫోనులో నీలం గీతగా పడుతోంది. బయల్దేరిన చోటికి వేరే దారిన చేరితేనే గీత గుండ్రంగా పూర్తవుతుందని నాయకుడు ప్రతి మలుపులోనూ చెప్పాడు. చెట్లని చూసినవాడు లేడు. అందరూ గీతనే చూశారు.

తొమ్మిదికల్లా సీసాలు ఖాళీ. ఎండ మాడు మీద కూర్చుంది. బ్యాంకాయన ప్రతి నీడలోనూ కూలబడుతున్నాడు. అప్పుడు కనిపించింది వాలు మీద తాటాకు గుడిసె.

నాయకుడు ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టాడు. "ఇదిగో ఫ్రెండ్స్, ఒకప్పటి వేసవి గుడిసె. పాడుబడిపోయింది."

కంచె మీద తడి చీర ఆరుతోంది. వాకిట్లో కోడి తిరుగుతోంది. పొయ్యి బూడిదలో నిప్పు ఇంకా కళ్ళు మూయలేదు. ఇవన్నీ నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు, ఎందుకంటే నా నోటికి అప్పుడు వేరే పని ఉంది: తాటాకు కప్పు ఎన్నేళ్ళు నిలుస్తుందో మేష్టార్లకి వివరిస్తోంది. చదివినవాడి గుడ్డితనం చదవనివాడి గుడ్డితనం కంటే ఏమీ గొప్పది కాదు.

గుడిసె నీడలో నీలం డ్రమ్ము, దాని మీద మూత, మూత మీద రాయి. పాడుబడ్డ గుడిసెలో మూత మీద రాయి ఎవరు పెడతారని పద్నాలుగు మందిలో ఒక్కరం కూడా అడగలేదు. రాయి తీశారు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. తాగాం, సీసాలు నింపుకున్నాం. అక్కడితో ఆగినా మనుషులమనిపించుకునేవాళ్ళం. తువ్వాళ్ళు ముంచారు. నెత్తిన పోసుకున్నారు. బూట్ల ఎర్రమట్టి కడిగారు. నేనూ రెండు చెంబులు నెత్తిన గుమ్మరించుకున్నాను.

పై గట్టు నుంచి ఒకావిడ దిగి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో కోతుల్ని కొట్టే వడిసెల. మా వంక చూడలేదు. తిన్నగా వచ్చి డ్రమ్ములోకి చూసింది. అడుగున నాలుగు వేళ్ళ లోతు మిగిలింది.

"ఎవరండీ మీరు?"

"వాకర్సమ్మా, నూజివీడు," అన్నాడు నాయకుడు. "నీళ్ళు భలే చల్లగా ఉన్నాయి."

"తాగితే తాగారు. కాళ్ళెందుకు కడిగారండీ, పెళ్ళికొచ్చారా?"

ఆవిడే చెప్పింది, గొంతు పెంచకుండా. గాలికి పడిపోయిన పాత చెట్ల చోట నిరుడు వానల్లో పన్నెండు అంటు మొక్కలు పెట్టారట. ఇది వాటికి మొదటి వేసవి. ఇవి బతికితే తోట ఉంటుంది, ఆవిడా భర్తా కాపలా ఉంటారు. బతక్కపోతే ఉన్న చెట్లు కూడా కొట్టించి జామాయిల్ వేసేస్తానన్నాడట తోట గలాయన. జామాయిల్‌కి కాపలా అక్కర్లేదు.

"ఇయ్యాల్టి కరెంటు అయిపోయింది. రేపు లైను రిపేరంట, అసలు రాదంట. మా ఆయనేమో లారీతో మార్కెట్టుకెళ్ళాడు, ఎల్లుండికి గానీ రాడు. అందుకని రెండు రోజులకీ కలిపి తెల్లారుజామున నాలుగింటి నుంచీ మోసా. పద్నాలుగు బిందెలు."

మనిషికొక బిందె.

నాయకుడు జేబులోంచి అయిదొందల నోటు తీశాడు. ఆవిడ దాన్ని చూసి, "ఇది మొక్క మొదట్లో పొయ్యమంటారా?" అంది. నోటు మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

"కింద తొట్టినిండా నీళ్ళున్నాయి," అన్నాను నేను. "దిగితే పావు కిలోమీటరు. సీసాలున్నాయి, బిందెలున్నాయి, పద్నాలుగు మందిమి ఉన్నాం. నాలుగైదుసార్లు తిరిగితే చాలు."

"వెనక్కెళ్తే సర్కిల్ పాడవుద్దండీ," అన్నాడు నాయకుడు. "గీత మీద గీత పడిపోద్ది."

ఆయన వేళాకోళానికి అనలేదు. నిజంగానే బాధపడుతూ అన్నాడు. బ్యాంకాయన మోకాలు పట్టుకున్నాడు. మేష్టార్లలో ఒకాయన నూజివీడు వెళ్ళగానే ట్యాంకరు పంపిద్దామన్నాడు, గొర్రె కూడా చూసుకుని అడుగేసే ఆ బాటలో. ఇంకొకాయన, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి నీతికథలు చెప్పినాయన, "పొద్దెక్కుతోంది" అన్నాడు. వాళ్ళ సీసాల్లో ఉన్నవి కూడా ఆవిడ నీళ్ళే. ఒక్కరూ తిరిగి పొయ్యలేదు.

"లైబ్రరీగారు సేవ చేస్తారంటండీ, మనం పదండి," అని ఎవరో అన్నారు. స్పీకరులో పాట మొదలైంది. మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినబడింది.

"మీరూ ఎల్లండి," అంది ఆవిడ. "మీవల్లేమవుద్ది?"

రెండు బిందెలు తీసుకుని దిగాం. దారిలో నేను ఊరుకోవచ్చు కదా. మొక్క పక్కన చిల్లి కుండ పాతిపెట్టి, అందులో నీళ్ళు పోస్తే బొట్టు బొట్టుగా వేరుకి అందుతాయని, పూర్వం అలాగే చేసేవారని, చదివిందంతా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "మరి ఆ కుండల్ని ఎవరు నింపుతారండీ?" అంది.

మొదటిసారి ఎక్కేటప్పుడు బిందెలో సగం నా చొక్కా మీదే ఒలికింది. ఆవిడ తువ్వాలు చుట్ట చుట్టి నా భుజం మీద పెట్టి, బిందె దాని మీదికి ఎత్తింది. ఆవిడ ఆరుసార్లు ఎక్కింది, నేను నాలుగుసార్లు. ఆ నాలుగూ కలిపితే ఆవిడ మోసిన రెండిటికి సరిపోతాయేమో.

మధ్యాహ్నానికి తొట్టిలో సగానికి పైగా ఇంకా ఉంది. నేను మళ్ళీ బిందె ముంచబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"చాలండీ. ఇప్పుడు గేదెలొస్తాయి. రేపు కూడా వాటికి ఇవే."

"ఇంకో నాలుగు బిందెలైతే అన్నిటికీ సరిపోతాయి కదమ్మా."

"అవి అడగలేవు గదండీ," అంది. బిందె చంకనేసుకుని పైకి నడిచింది.

డ్రమ్ములోకి చూసి, వేళ్ళతో లోతు కొలిచి, మొక్కల దగ్గరికి వెళ్ళింది. పన్నెండూ మోకాలెత్తు. ఒక్కోదానికీ ఎండ తగలకుండా పడమటి వైపు ఒక తాటాకు గుచ్చి ఉంది. ఆవిడ ప్రతి మొక్క దగ్గరా వంగి ఆకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. "నీళ్ళు తొమ్మిది మొక్కలకొస్తాయి," అంది.

రెండు మొక్కల దగ్గర ఆట్టే సేపు ఆగలేదు. వాటికి పైన కట్టిన అంటు ఎండిపోయి, కింద నాటు మొదలు నుంచి చిగురు వస్తోంది; బతికినా అవి నాటు చెట్లే. మూడోది చివరన, బండకి ఆనుకుని ఉంది. దాని ఆకులు మిగతావాటికంటే పచ్చగా ఉన్నాయి.

"ఇది బానే ఉంది కదమ్మా," అన్నాను.

"బానే ఉంది. కింద మట్టి లేదు. ఎంత పోసినా సాయంత్రానికి మళ్ళీ అడుగుద్ది." కాసేపు దాని ముందే నిలబడింది. "తొమ్మిదన్నా పచ్చగా కనపడితే తోట గలాయనకి చూపించుకోవచ్చు. పన్నెండూ వాడిపోయి కనపడితే ఏం చెప్పుకుంటాం?"

దాని పక్కన గుచ్చిన తాటాకుని పీకి నా చేతికిచ్చింది.

"దీన్ని ఆ పక్క మొక్కకి గుచ్చండి. తూర్పు వైపు కూడా నీడ ఉంటే అది రేపు కాస్త తట్టుకుంటది."

నేల గట్టిగా ఉంది. రాయితో కొట్టి, గుంట చేసి, తాటాకు లోతుగా దించి చుట్టూ మట్టి తొక్కాను. ఆవిడ అప్పటికే మొదటి మొక్క దగ్గర కూర్చుని చెంబుతో నీళ్ళు పోస్తోంది. బండ దగ్గరి మొక్క మీద ఎండ నేరుగా పడుతోంది.