సారు కారు ఆగిన చోట

పోయిన సోమవారం మధ్యాహ్నం నాన్న ఫోన్ చేశాడు. "సారు లేడు బిడ్డా" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. వెనక ఎవరో ఆటో స్టార్ట్ చేస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. ఖమ్మం నుంచి నేను చర్ల చేరేసరికి గోదావరి ఒడ్డున అన్నీ అయిపోయాయి.

ఆయన మా హైస్కూల్లో సైన్స్ చెప్పిన సారు. మా ఇంట్లో నాకన్నా ముందు బడికి పోయినవాళ్ళు లేరు. నాన్న పడవ నడిపేవాడు. సారు ఎప్పుడు ఏరు దాటినా నాన్న పడవే ఎక్కేవారు. నా చదువు మాట ఆ పడవలోనే నడిచేది.

సారుకు పాత పెట్రోలు కారంటే పిచ్చి. ఇంజన్‌కు పెట్రోలు తోడే దాని అసలు పంపుకు సామాన్లు దొరకక, ట్యాంకు పక్కన కరెంటు పంపు బిగించుకున్నారు. తాళం తిప్పగానే అది టకటకా కొట్టుకునేది. ఇంజన్‌కు సరిపడా పెట్రోలు అందాక నెమ్మదించేది. సారు వేలు పైకెత్తి, ఎవరినీ మాట్లాడనివ్వకుండా ఆ చప్పుడు వినేవారు. ఆదివారాలు కారు కింద ఆయన కాళ్ళే కనిపించేవి. బడిలో అడగలేని సందేహాలు ఆ కాళ్ళను అడిగేవాళ్ళం. "అనుకొని చెప్పకు బిడ్డా, చూసి చెప్పు" అని కింది నుంచి గొంతు వచ్చేది.

పది పాసయ్యాక నాకు పాలిటెక్నిక్‌లో ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్ ఖమ్మంలో. పేరు పిలిచినప్పుడు లేకపోతే సీటు పోతుంది. సీటు పోతే అమ్మ వెంట కూలికి పోవడమే. ఆ పొద్దున మొదటి బస్సు రాలేదు. సారు కారు తీశారు, నాన్న కూడా ఎక్కాడు. హడావుడిలో ఆ రోజు సారు పంపు చప్పుడు వినలేదు.

ఇంజన్‌లో మిగిలిన పెట్రోలుతో కాసేపు నడిచి, అడవి మధ్య కారు ఆగిపోయింది. తాళం తిప్పితే పంపు పలకలేదు. ఫ్యూజు బాగానే ఉంది. సారు రెండు వైర్లున్న చిన్న బల్బు నా చేతిలో పెట్టి, "నువ్వు చూడు" అన్నారు.

"పిల్లకు పాఠం ఇప్పుడా సారూ? అక్కడ పేరు పిలుస్తరు!" నాన్న మొత్తుకున్నాడు.

"ఇప్పుడు నేర్చింది మర్చిపోదయ్యా. నువ్వు జర ఆగు."

ఒక వైరు డిక్కీ గడియ ఇనుముకు ఆనించి, రెండోది పంపుకు కరెంటు వచ్చే చోట ముట్టించాను. బల్బు వెలిగింది. మొదటి వైరును అక్కడి నుంచి తీసి పంపు నుంచి కరెంటు కారు ఇనుములోకి తిరిగి పోయే ఎర్త్ వైరుకు పెట్టాను. వెలగలేదు.

"కరెంటు వస్తుంది సారూ. తిరిగి పోతలేదు."

"అవ్!" అంటూ ఆయన కారు కిందికి దూరారు. "ఏందయ్యా ఈడ గింత నల్లగ?"

నాన్న నసిగాడు. "మొన్న మీరు ఊర్ల లేనప్పుడు తారు పూసిన సారూ. వానలొస్తున్నయ్ గదా, పడవకు పూసినట్లే పూసిన. ఆ వైరు బిగించిన బోల్టు గూడ విప్పి, కింద పూసి, మల్ల బిగించిన. సందు విడిస్తే నీళ్ళు ఆడనే దూరుతయ్."

"నీళ్ళేంది, కరెంటు గూడ దూరకుండ చేసినవ్!"

నాన్న రోడ్డు మీద కూలబడ్డాడు. "నా బిడ్డ సీటు నా చేతులతోనే పోగొడ్తి."

సారు కింది నుంచే నవ్వారు. "పని మంచిగనే చేసినవయ్యా, కాకపోతే కారుకు చేసినవ్. లే, చాకు తీయి. పూసినోడివి నువ్వే గోకాలె."

నాన్న ఇనుము మెరిసేదాకా గీకాడు. సారు బోల్టు బిగించారు. తాళం తిప్పాను. పంపు టకటకా కొట్టుకుంది. ఈసారి సారు వేలెత్తకముందే నాన్న నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు నేను ఖమ్మంలో కరెంటు పనిలోనే ఉన్నాను. చిక్కు వచ్చినప్పుడల్లా సారుకు ఫోన్ చేసేదాన్ని. జవాబు చెప్పేవారు కాదు. "ముందు ఏం చూసినవ్?" అనేవారు. ఈ వారం రెండుసార్లు ఫోన్ తీశాను. అలా అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆయన తలపుకు వస్తే ఆ రోజే కళ్ళ ముందుకొస్తుంది. పేరు పిలవడానికి కొంచెం ముందే చేరాం. ఎలక్ట్రికల్‌లో సీటు వచ్చింది. చెప్పాలని బయటికి పరుగెత్తాను. గేటు అవతల కారు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నాన్నా, సారూ ముందు సీట్లలో నిద్రపోతున్నారు. సారు కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. లేపడానికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. చెట్టు నీడ పక్కకు జరిగి, ఎండ ఆయన ముఖం మీదికి వస్తోంది. చున్నీ విప్పి అడ్డం పట్టుకుని నిలబడ్డాను.