ఎర్ర పరదా కింద టమాటాలు

యాభై ఏళ్లు దాటేదాకా నాకు రాయడం రాదు. చిన్నప్పుడు పాల్మాకులలో బడికి పంపమంటే, గేదెల వెంట ఎవరు పోతారని మా బాపు అడిగాడు. గేదెల వెంట నేనే పోయాను. అందుకే ఈ సంగతి అప్పుడే రాయలేకపోయాను.

నాకు అక్షరాలు నేర్పింది నా కూతురి కూతురు. అప్పుడు ఐదో తరగతి. బడి విడిచాక శంషాబాద్‌లో నేను కూరగాయలు అమ్మే చోటికి వచ్చి, తక్కెడ పక్కన పలక పెట్టి దిద్దించేది.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులవి. నా దుకాణం మీద ఎర్ర పరదా కట్టేదాన్ని. దాని కింద దోర టమాటాలు కూడా బాగా పండినట్టు కనిపిస్తాయి. ఆ వరుసలో అందరూ కట్టేవాళ్లే, ఎందుకని ఎవరూ మాట్లాడుకోరు.

ఒకరోజు మనవరాలితో పాటు వాళ్ల టీచరు వచ్చింది. కోస్తా వైపు మనిషి. నాలుగు టమాటాలు ఏరి, తలెత్తి పరదాను చూసి, రెండు తిరిగి పెట్టేసింది.

"మామ్మగారూ, రేపు ఒక్క గంట ఈ పరదా ఇస్తారా? పిల్లలకు వెలుతురు గురించి చెప్పాలండీ."

ఊళ్లో ఇన్ని బట్టలుంటే నా పరదానే కావాలా? ఇందులో ఏదో ఉందనుకున్నాను.

"ఇస్త గానీ, నేను గూడ వస్త."

"మా అమ్మమ్మ ఎవల్నీ నమ్మది టీచర్" అని మనవరాలు నవ్వింది.

మర్నాడు బడిలో గుమ్మం దగ్గర కూర్చుని, టీచరు మీద నుంచి చూపు తిప్పలేదు. ఆమె కిటికీకి పరదా కట్టి తలుపు దగ్గరగా వేసింది. గదంతా ఎర్రబడింది. విమానం మోత తగ్గేదాకా ఆగి, తెల్ల సుద్దముక్క ఎత్తి ఏం రంగని అడిగింది.

"ఎరుపు!" అని అరిచారు పిల్లలు. వేపాకు చూపిస్తే నల్లగా ఉంది.

"వెలుతురులో అన్ని రంగులూ ఉంటాయర్రా. ఈ పరదా ఎరుపును రానిచ్చి మిగతావాటిని ఆపేస్తుంది. సుద్దముక్క ఆ ఎరుపునే మన కళ్లకు పంపుతోంది. ఆకు దాన్ని మింగేస్తుంది, అందుకే నల్లగా ఉంది."

ఇప్పుడు టమాటా తీస్తుందని కాచుకుని ఉన్నాను. తీయలేదు. నా అనుమానం ఇంకా పెరిగింది.

ముందు వరుసలో ఒక పిల్ల లేచింది. "టీచర్, గందుకేనా కూరగాయలోళ్లు ఎర్ర పరదా కట్టేది?"

గదంతా నా వైపు తిరిగింది. మనవరాలు కూడా.

"ఎండకు కడతం బిడ్డా, ఎండకు" అన్నాను.

"గట్లయితే తెల్లది గూడ కట్టొచ్చు గద?"

అందరూ నవ్వారు. మా పిల్ల నవ్వలేదు.

ఆ సాయంత్రం పలక లేకుండా వచ్చింది.

"పలకేది?"

"నువ్వు అబద్ధం చెప్పినవ్. ఇగ నేను నేర్పియ్య."

"టీచరే నేర్పి పంపిందా నిన్ను?"

"టీచర్ ఏమనలే. నాకు కండ్లు లేవా?"

అప్పటికి నాకు గుణింతాలు మాత్రమే వచ్చు. ఆ పిల్ల మానేస్తే నాకు నేర్పేవాళ్లు ఇంకెవరూ లేరు.

మర్నాడు పొద్దున పరదా కట్టాను గానీ, టమాటాల తట్టలు రెండూ బయట ఎండలో పెట్టాను. అట్టముక్కల మీద బొగ్గుతో ఒకదానికి 'పండినవి', ఒకదానికి 'దోరవి' అని రాసి గుచ్చాను. మనవరాలు బడికి పోయే వేళకు, వంకాయలు సర్దుతున్నట్టు వంగి, ఆగి చదువుతుందో లేదోనని ఓరకంట చూస్తూ ఉన్నాను.