శాలువాల్లోంచి ముక్కు

ఆ రోజుల్లో అమెరికాలో, ఎడిసన్‌లో నాకున్నంత తీరిక మహారాణులకు కూడా ఉండి ఉండదు. డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని కదా, ఉద్యోగం చేయకూడదు, ఊరికే కూర్చోలేను. మావారు పొద్దున్నే రైలెక్కి ఆఫీసుకు పోగానే కనిపించిన కాగితం మీదల్లా బొమ్మలు గీసేదాన్ని. (కరెంటు బిల్లు కవరు మీద మా అత్తగారిని గీశాను. ఆ కవరు ఏమైందో అడక్కండి.) అప్పుడే గురువు దొరికాడు. పక్కింట్లో కూతురి దగ్గర ఉంటున్న స్లొవాకియా పెద్దాయన. బ్రాటిస్లావాలో ఒక దినపత్రికకు జీవితమంతా రాజకీయ కార్టూన్లు వేసి రిటైరైనవాడు. ఏ మొహాన్నయినా ముక్కుతోనే మొదలుపెట్టేవాడు గనుక నేను ముక్కుతాత అని పేరు పెట్టుకున్నాను. మా ఇద్దరిదీ అరువు ఇంగ్లీషే కావడంతో ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమయ్యేది.

వాళ్ళ దేశంలో కమ్యూనిస్టు పార్టీ రాజ్యం నడిచిన కాలంలో నాయకుల బొమ్మలు వేయనిచ్చేవారు కాదట. అందుకని పెద్ద నాయకుడి టోపీ ఒక్కటే వేసేవాడు. టోపీ చూసి ఊరంతా నవ్వేది. టోపీ మీద ఏ కేసు పెట్టాలో సెన్సారువారికి తోచేది కాదు. తర్వాత స్వేచ్ఛ వచ్చింది, మొహాలన్నీ కడుపునిండా వేశాడు. ఒకరోజు ఒక మంత్రిని బాతులా వేస్తే, ఆ మంత్రే ఫోన్ చేసి, “అసలు బొమ్మ ఇస్తారా? మా హాల్లో పెట్టుకుంటాను” అన్నాడట. “ఆ రాత్రి నాకు జ్వరం వచ్చింది. మనం గీసినవాడు కోప్పడితే పని బాగా చేసినట్టు. బొమ్మ అడిగితే మాత్రం పెన్సిల్ మొద్దుబారినట్టే” అనేవాడు ముక్కుతాత.

ఇంతలో మా తెలుగు సంఘం ఉగాది సంచికలో ఒక పేజీ మిగిలిపోయింది. సంచిక పని చూసే బాబాయిగారు ఫోన్ చేసి, “అమ్మా, యాడ్ ఇస్తానన్న రెస్టారెంట్ వాడు డ్రాప్ అయ్యాడు. ఏదో ఒక బొమ్మ పడెయ్, రేపే ప్రింట్‌కి పంపాలి” అన్నారు. నా చేయి దురద పెట్టింది. మా సంఘం అధ్యక్షులవారికి శాలువాలంటే ప్రాణం. ఎవరికి సన్మానం జరిగినా ఆయన భుజం మీదికీ ఒకటి చేరేది. పిల్లలు కూచిపూడి ఆడితే పిల్లలకు సర్టిఫికెట్లు, ఆయనకు శాలువా. అందుకని కొండంత శాలువాల గుట్ట వేసి, పైన ఆయన ముక్కు ఒక్కటే బయటికి పెట్టాను. ముక్కుతాత చూసి, “బ్రహ్మాండం! ఈయనకు కోపం రావాలి” అని దీవించాడు.

ఆ కోపం రాకూడదని మొక్కుకోవాల్సిన మనిషి మా ఇంట్లోనే ఉన్నారు, మావారు. ఆ అధ్యక్షులవారే మావారి కంపెనీ యజమాని. మా గ్రీన్ కార్డ్ కాగితాల మీద సంతకం పెట్టాల్సిందీ ఆయనే. ఉగాది రోజు స్కూల్ ఆడిటోరియంలో సంచిక పంచగానే మావారు ఆ పేజీ తెరిచి, పులిహోర నోట్లో ఉండగానే కొయ్యబారిపోయారు.

“నీకేం పోయేకాలమే! ప్రాసెసింగ్ మధ్యలో ఉందని తెలుసుగా?”

“ముక్కే కదండీ వేసింది.”

“ఆ ముక్కు అమెరికాలో ఇంకెవరికుంది?”

అంతలో మైకులో అధ్యక్షులవారి గొంతు. “ఈ బొమ్మ వేసిన అమ్మాయి ఎవరో వెంటనే స్టేజ్ మీదికి రావాలి!” మావారు కారు తాళాలు తీసి, “నువ్వు మాట్లాడుతూ ఉండు, నేను స్టార్ట్ చేసి ఉంచుతా” అన్నారు. నేను స్టేజ్ ఎక్కాను. ఇల్లు, వీసా, మా ఆయన ఉద్యోగం, అన్నీ ఒక ముక్కు కోసం పోగొట్టానే అని నిజంగానే ఏడుపొచ్చింది.

చూస్తే అధ్యక్షులవారి కళ్ళు కూడా చెమర్చి ఉన్నాయి. “నా మీద సంఘానికున్న అభిమానమంతా ఒక్క బొమ్మలో చూపించావమ్మా! అన్ని శాలువాలు మోయడం ఎంత కష్టమో నాకే తెలుసు. ఆ ఒరిజినల్ నాకివ్వు, ఆఫీస్ లాబీలో పెట్టిస్తా” అని, నాకో శాలువా కప్పారు. వేదిక మీదున్న తక్కిన పెద్దలు కూడా ఊరుకోక తలా ఒకటి కప్పారు. ఫోటోలో నా ముక్కు తప్ప ఏమీ కనిపించలేదు.

ఆ ఫోటో చూసి ముక్కుతాత కళ్ళద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. “మా మంత్రి నన్ను భోజనానికి కూడా పిలిచాడు” అన్నాడు.

“వెళ్ళారా?”

“వెళ్ళాను. భోజనం బాగుంది.”

గ్రీన్ కార్డ్ వచ్చింది. ముక్కుతాత సొంత ఊరికి వెళ్ళి అక్కడే కన్నుమూశాడని ఆయన కూతురు చెప్పినప్పుడు, ఒక ఖాళీ టోపీ బొమ్మ గీసి ఆమెకు పంపాను. ఇప్పటికీ చలికాలం బొమ్మలు వేసుకునేటప్పుడు ఆ శాలువాల్లోనే ముడుచుకు కూర్చుంటాను. మొన్న, ముక్కుతాత కథలు వింటూ పెరిగిన మా అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఏదో గీస్తోంది. తొంగిచూస్తే శాలువాల గుట్ట, పైన నా ముక్కు. ఎంత ముద్దొచ్చిందో! “ఇటివ్వు తల్లీ, ఫ్రేమ్ కట్టించుకుంటా” అన్నాను. దాని మొహం మాడిపోయింది. “నీకు కోపం రాలేదా, అమ్మా?” అని కాగితం లాక్కుని, నా ముక్కు మళ్ళీ మొదటినుంచి గీయడం మొదలుపెట్టింది.