గ్లాసులో టీ వదలకూడదు

మొరాకో నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మా కార్ఖానా కాలనీ బారిడీహ్‌లో పక్క క్వార్టరు అప్పలరాజు ఒకటే ప్రశ్న. "ఏటి బావా, అక్కడ నిన్ను గేటు బయట నిలబెట్టీసేరట? నిజవేనా?"

ఎవరు చెప్పారో తెలియదు. ఊరంతా తలోరకంగా చెప్పుకోకముందే జరిగింది నేనే చెబుతాను.

ట్రక్కుల కార్ఖానాలో పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది. హాజరు కార్డు మీద ఒక్క ఎర్ర గుర్తు లేదు. టీ మానేసి పన్నెండేళ్లు. కంచంలో మెతుకు వదలను, పిల్లల్ని వదలనివ్వను. అందుకే కాబోలు, మొరాకో వాళ్లకి ట్రక్కుల రిపేరు నేర్పమని మూడు నెలలు నన్ను పంపారు. మొదటి రోజే రూలు పెట్టాను. ఆలస్యంగా వచ్చినవాడు ఎవడైనా సరే, అరగంట గేటు బయట నిలబడాలి. హసన్ అనే మెకానిక్, నలుగురు పిల్లల తండ్రి, మూడుసార్లు నిలబడ్డాడు. రూలు రూలే.

ఒక ఆదివారం ఒక్కణ్ణే బస్సెక్కి కొండమీద చిన్న ఊరు చూడటానికి వెళ్లాను. నీలం సున్నం వేసిన గోడలు. వీధులన్నీ మెట్లే. గాడిదల మీద గ్యాస్ సిలిండర్లు. తిరుగు బస్సు ఐదింటికి, అదే ఆఖరుది. నాలుగింటికల్లా స్టాండులో ఉండాలనుకున్నాను.

మూడింటికి మెట్ల మీద చెప్పు తెగింది!

ఎదురుగా చెప్పులు కుట్టే ముసలాయన. చెప్పు లాక్కుని రెండు నిమిషాల్లో కుట్టేశాడు. కూలి ఇవ్వబోతే చెయ్యి తోసేశాడు. "హింద్?" అన్నాడు, ఇండియానా అన్నట్టు. తలూపాను. వెంటనే హిందీ సినిమా పాట ఎత్తుకున్నాడు, రెండో చరణంతో సహా! నేను సినిమాలు చూడను. మర్యాదకి తాళం వేశాను. ఆపైన పుదీనా టీ వచ్చింది.

వద్దంటే ఆయన మొహం చిన్నబోయింది. ఊరికే చెప్పు కుట్టిన మనిషిని నొప్పించడం తప్పు. తాగాను. చుక్క వదల్లేదు.

గ్లాసు నింపాడు.

తాగాను. నింపాడు.

వదిలేస్తే పాపం, తాగితే మళ్లీ పోస్తున్నాడు. ఏడో గ్లాసుకి కెటిల్ ఖాళీ అయింది. హమ్మయ్య అనుకున్నాను. ఆయన లోపలికి కేకేసి ఇంకో కెటిల్ తెప్పించాడు.

తొమ్మిదో గ్లాసు సగంలో ఉండగా కింద రోడ్డు మీద హారన్ వినిపించింది. ఐదింటి బస్సు. ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా బయల్దేరింది. ఆ డ్రైవర్ని మనసులో మెచ్చుకున్నాను.

ఆ రాత్రి ముసలాయన ఇంట్లోనే పడుకున్నాను. పడుకున్నానంతే, నిద్రపోలేదు.

మర్నాడు రిపేరు షెడ్డు చేరేసరికి తొమ్మిదిన్నర. డ్యూటీ ఎనిమిదింటికి. గేటు లోపల హసన్ ఉన్నాడు. తను ఎప్పుడూ నిలబడే చోటు చేత్తో చూపించాడు.

నిలబడ్డాను.

కాసేపటికి జాలేసింది కాబోలు, "ఉస్తాద్, ఎండగా ఉంది" అని టీ తెచ్చి ఇచ్చాడు. తాగి, ఇక చాలని ఖాళీ గ్లాసు చూపించాను. నింపాడు. నాలుగోసారి నింపాక, వచ్చీరాని ఇంగ్లీషులో అసలు సంగతి చెప్పాడు. "చాలనుకుంటే అడుగున కొంచెం వదలాలి ఉస్తాద్. ఖాళీ గ్లాసు కనబడితే మేం పోస్తూనే ఉంటాం."

"కొంచెం వదిలీవలిసింది కదా బావా!" అన్నాడు ఇదంతా విన్న అప్పలరాజు.

ఎలా వదులుతాను? కెటిల్ ఖాళీ అయ్యేదాకా గేటు దగ్గరే తాగాను. అందుకే అరగంట శిక్ష నాకు గంటంబావు పట్టింది.