పంతొమ్మిదో ఎలక్ట్రాన్

మొన్న కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో నా పక్క సీట్లో ఒకావిడ కూర్చుంది. తడి గోనెపట్టాలో చుట్టిన తునికాకు ఆమె ఒళ్ళో ఉంది. కిటికీ గాలికి నానిన ఆకు వాసన గుప్పుమంది. ముందు సీటు పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం పదో తరగతి, పరమాణు నిర్మాణం పాఠం, వసుంధర మేడం ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చారు. బీడీ ఆకుకూ పరమాణువుకూ ఏం చుట్టరికమని మీరు నవ్వొచ్చు. ఉంది, చెబుతాను.

వసుంధర మేడం ఎల్లారెడ్డిలో మా బడిలో సైన్సు చెప్పేవారు. రోజూ కామారెడ్డి నుంచి బస్సులో వచ్చిపోయేవారు. పొట్టి మనిషి. బోర్డు పైభాగం అందేది కాదు కనుక ఆమె గీసిన పరమాణువులన్నీ కింది సగంలోనే ఉండేవి, వెనక బెంచీ వాళ్ళం లేచి నిలబడి చూసేవాళ్ళం. కోపం ముక్కు మీదే ఉండేది గానీ తప్పు రాసిన పిల్లను ఏనాడూ కొట్టలేదు. "ఎందుకు రాసినవ్?" అని అడిగేవారు. అంతకంటే కొట్టినా బాగుండుననిపించేది. దెబ్బయితే ఒక్క క్షణంలో అయిపోతుంది, ఆ ప్రశ్న మాత్రం మనం నోరు విప్పేదాకా ఎదురుగా నిలబడేది.

ఇంట్లో నేనూ అవ్వా ఇద్దరమే. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం, నాన్నను బాపు అని. బాపు దుబాయిలో పనిచేసేవాడు. బడి నుంచి రాగానే నేనూ చాట ఒళ్ళో పెట్టుకుని అవ్వ పక్కన బీడీలు చుట్టాలి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. బీడీలు చేసే ఇళ్ళన్నిటిలో లాగే పనిలో అవ్వ నియమం ఒక్కటే, ఒక కట్ట నిండనిదే ఇంకో కట్టకు చెయ్యి పెట్టొద్దు. సగం కట్టలు నాలుగు చేసి పెడితే చాట బోర్లించి మళ్ళీ మొదటి నుంచి చేయించేది. ఆ ఏడు నేను సైన్సులో ఒకసారి తప్పాను. "ఇంకొక్కసారి తప్పితే బడి బందు" అంది అవ్వ. ఆమె అన్నదంటే అన్నట్టే. నాకేమో చదువుకోవాలని ప్రాణం కొట్టుకునేది.

తరవాతి పరీక్షలో పొటాషియం ఎలక్ట్రాన్లను కర్పరాల్లో, అంటే కేంద్రకం చుట్టూ ఉండే వరుసల్లో, నింపమన్నారు. మొత్తం పంతొమ్మిది. రెండు, ఎనిమిది, తొమ్మిది అని రాశాను. రెండు, ఎనిమిది, ఎనిమిది, ఒకటి అని రాయాలి. దాని తరవాతి లెక్కలన్నీ దాని వెంటే పోయాయి. మళ్ళీ తప్పాను.

ఆ శనివారం పగటిపూట మేడం నా పేపరు పట్టుకుని మా ఇంటికే వచ్చారు. అవ్వ చాట పక్కన పెట్టకుండానే అంది. "మీకు తిప్పలెందుకు మేడం, ఇగ బడి బందే. తప్పుడు రాతలు రాసెటందుకు బడెందుకు?"

మేడం ఆ మాట విననట్టే ఆకు కట్టల మధ్య చతికిలబడి నన్ను అడిగారు. "సుజాతా, తొమ్మిది ఎందుకు రాసినవ్? నువ్వొక్కదానివే గాదు, బీడీలు చేసే ఇండ్ల పిల్లలు పదకొండు మంది గిట్లనే రాసిండ్రు. మిగిలినోళ్ళల్ల ఒక్కరు గూడ రాయలే."

నేను నోరు విప్పేలోపు అవ్వే అడిగింది. "ఏం రాసిందో నాకు జెర చెప్పుండ్రి."

మేడం చాటలోని బీడీలే తీసి నేల మీద పేర్చారు. మొదట రెండు, తరవాత ఎనిమిది, తరవాత ఎనిమిది. "ఈ మూడోదాంట్ల పద్దెనిమిది దాక పడ్తయి. గానీ పంతొమ్మిదోది దీంట్లకు రాదు, నాలుగోదాంట్లకు పోతది" అని ఒక బీడీని దూరంగా పెట్టారు.

అవ్వ దారం చుట్టే చెయ్యి ఆపింది. "ఇంకా పదింటికి జాగ ఉండంగ నాలుగో కట్ట ఎట్ల పెడ్తరు? నా బిడ్డ సక్కగనే రాసింది గద!"

మేడం ఆ ఒంటరి బీడీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. తరవాత మెల్లగా అన్నారు. "నాకు గూడ తెల్వదమ్మా. నేను బట్టీ పట్టిన, అదే చెప్తున్న. ఇన్నేండ్లల్ల ఎవ్వరు అడగలే."

"మీకే తెల్వకపోతే దాన్నెందుకు తప్పిచ్చిండ్రు?"

మేడం పగలబడి నవ్వారు. తంబాకు ఘాటుకు దగ్గొచ్చి, కళ్ళ వెంట నీళ్ళొచ్చినా నవ్వు ఆపలేదు. ఒక టీచరు తనకు తెలియదని అనడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. "ఒక్క వారం ఆగమ్మా. నేను తెలుసుకొనొచ్చి నీకే చెప్త. అప్పటిదాక బిడ్డను బందు చెయ్యకు" అన్నారు.

మరుసటి శనివారం వచ్చారు. కామారెడ్డిలో తనకు చదువు చెప్పిన లెక్చరరు ఇల్లు వెతుక్కుంటూ పోయి అడిగొచ్చారట. నాకు కాదు, అవ్వకు ఎదురుగా కూర్చుని చెప్పారు. "ఒక్కో వరుసను ఒక్కో ఇల్లనుకో అమ్మా, మూడో ఇంట్ల జాగ ఉన్నది నిజమే. గానీ ఆ జాగ అటక మీద ఉన్నది. అటకెక్కుడు కన్న నాలుగో ఇంటి గడప మీద కూసునుడు అల్కగ అయితది. ఎలక్ట్రాన్ ఎప్పుడైన తక్కువ తిప్పలున్న జాగనే చూసుకుంటది."

"ఎప్పుడు అటకనే ఎత్తుంటదా?"

"ఎప్పుడు గంతే."

అవ్వ బీడీకి దారం చుడుతూ, "గీ ముచ్చట దానికి ముందుగాలనే చెప్తే రాస్తుండె గద" అంది. ఆ తరవాత మా ఇంట్లో బడి బందు మాట మళ్ళీ రాలేదు. మేడం మా పదకొండు మందికీ ఆ ప్రశ్న మళ్ళీ పెట్టారు, అందరం రాశాం. నేను ఇంటరు, డిగ్రీ దాటి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దాకా వచ్చానంటే ఆ రెండు శనివారాల చలవే.

ఎమ్మెస్సీలో ఒకరోజు క్లాసులో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. మేడం చెప్పింది పొటాషియం, కాల్షియం వరకే సరి. స్కాండియం నుంచి అటక కిందికి దిగుతుంది, గడపే ఎత్తవుతుంది. అందుకే ఇనుము ఎలక్ట్రాన్లు వదులుకునేటప్పుడు ముందు గడప మీదివే పోతాయి. ఎప్పుడూ అంతే అన్నది తప్పన్నమాట! ఆ సంతోషం పట్టలేక ఇంటికి రాగానే అవ్వకు చెప్పాను. అవ్వ పూర్తిగా విని ఒక్కటే అడిగింది. "మేడంకు చెప్పినవా?"

అప్పటికే ఆమెకు మద్నూర్ బదిలీ అయింది. వచ్చే ఆదివారం పోతానన్నాను. ఆ ఆదివారం పరీక్షలు, పై ఆదివారం ఎవరిదో పెళ్ళి. దగ్గరే కదా, ఎక్కడికి పోతారులే అనుకున్నాను. ఒకరోజు ఎల్లారెడ్డి బస్టాండులో నాతో చదివిన అమ్మాయి కనిపించి, మేడం పోయి అప్పటికే నెల దాటిందని చెప్పింది. ఆమె జబ్బు పడిన సంగతే నాకు తెలియదు. ఇంటికొచ్చి అవ్వకు చెబితే, అవ్వ చాట పక్కన పెట్టి కొంగు మొహానికి కప్పుకుంది.

ఇప్పుడు నేను కామారెడ్డిలో ఇంటరు పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. తప్పు జవాబు మీద ఎర్ర గీత పెట్టేముందు ఎందుకు రాసినవని అడుగుతాను. తెలియనిది తెలియదంటాను. ఇవి ఆమె ఇచ్చినవి, నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కానీ నాకు ఒక్కసారి మద్నూర్ పోవాలని ఉంది. ఆమె ఎదుట కూర్చుని, "మీరు అవ్వకు తప్పు చెప్పిండ్రు మేడం" అనాలని ఉంది. ఆ మాటకు ఆమె సంతోషపడినంతగా ఈ లోకంలో ఇంకెవరూ సంతోషపడరు.